రింగు వేసిన పక్షి, పెట్టని గుడ్డు: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు అరుదైన పక్షుల సంతానంపై పరిశోధన గుర్తుల ప్రభావం

పక్షుల కాళ్లకు రింగులు వేయడం కొత్త పనేమీ కాదు. 1899లో డెన్మార్క్‌లో హెచ్.సి. మోర్టెన్‌సెన్ అనే ఉపాధ్యాయుడు స్టార్లింగు పిట్టలకు అంకెలు చెక్కిన అల్యూమినియం రింగులు తొడిగి వదిలాడు. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో ధార్ సంస్థానంలో ఈ పని మొదలుపెట్టింది. 1959 నుంచి సలీం అలీ ఆధ్వర్యంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో అది పెద్ద ఎత్తున సాగింది. వలస పక్షులు రోగాలను మోసుకొస్తున్నాయా అన్నది అప్పట్లో తేల్చుకోవలసిన ప్రశ్న. రింగు వేసిన పక్షి కూడా వేయని పక్షిలాగే తింటుంది, జతకడుతుంది, పిల్లల్ని సాకుతుంది అన్న నమ్మకం మీదే ఆ లెక్కలన్నీ నిలబడ్డాయి.

ఈ వ్యాసం ఆ నమ్మకాన్ని మూడు పక్షుల విషయంలో పరీక్షిస్తుంది. నంద్యాలకు ఉత్తరాన మిడ్తూరు మండలంలోని రోళ్లపాడు గడ్డిబీళ్లలో ఒకప్పుడు గుడ్లు పెట్టిన బట్టమేక మొదటిది. వానాకాలంలో అవే బీళ్లకు వచ్చే నేలనెమలి రెండోది. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, చాగలమర్రి దాటి మైదుకూరు మీదుగా బద్వేలు వైపు పోతే ఎదురయ్యే లంకమల ముళ్లపొదల్లోని కలివికోడి మూడోది. మూడూ నేల మీద గుడ్లు పెట్టేవే, మూడూ మనిషిని చూస్తే తప్పుకునేవే. పాత పరిశోధన పత్రాల్లో రోళ్లపాడు కర్నూలు జిల్లాలో కనిపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా ఏర్పడ్డాక అది ఇటు చేరింది.

ముందు బయటి సాక్ష్యం చూద్దాం. దక్షిణ హిందూ మహాసముద్రంలోని క్రోజే దీవుల్లో రాజ పెంగ్విన్ల రెక్కలకు లోహపు పట్టీలు కట్టి దశాబ్దాల పాటు పరిశోధనలు చేశారు. ఆ పట్టీ వల్ల పక్షికి ఏమవుతోందో తేల్చడానికి ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు 100 పక్షులను తీసుకున్నారు. అన్నిటికీ చర్మం కింద చిన్న చిప్ పెట్టి, అందులో 50 పక్షులకు మాత్రం రెక్క పట్టీలు కూడా కట్టారు. పదేళ్లు గమనించాక 2011లో ఫలితాలు ప్రచురించారు. పట్టీ ఉన్న పక్షులు 39 శాతం తక్కువ పిల్లల్ని పెంచాయి, వాటి బతికే అవకాశం 16 శాతం తగ్గింది. కారణం ఈతలో ఉంది. పట్టీ నీటిని అడ్డుకోవడంతో పక్షి మేతకు ఎక్కువ కాలం సముద్రంలో తిరగాల్సి వచ్చింది, ఒడ్డుకు ఆలస్యంగా చేరింది, ఆలస్యంగా గుడ్డు పెట్టింది. పుట్టిన పిల్లకు మేత దొరికే కాలం కుంచించుకుపోయింది. సముద్రం వేడెక్కడం పెంగ్విన్లను ఎలా దెబ్బతీస్తోందో చెప్పడానికి అంతకుముందు వాడిన అంకెల్లో కొంత భాగం పట్టీ చేసిన చేటేనని ఆ అధ్యయనం తేల్చింది. నా దృష్టిలో ఈ రంగానికి తగిలిన పెద్ద దెబ్బ ఇదే. పక్షికి జరిగిన హాని ఒక ఎత్తు, ఆ హానినే ప్రకృతి ధర్మమని రాసుకోవడం మరో ఎత్తు.

బరువు లేని గుర్తు కూడా జతకట్టే తీరును మార్చగలదు. 1980ల మొదట్లో నాన్సీ బర్లీ జీబ్రా ఫించ్ పిట్టలపై చేసిన ప్రయోగాల్లో ఆడపిట్టలు ఎర్ర రింగు వేసిన మగపిట్టలను కోరుకున్నాయి, ఆకుపచ్చ రింగు వేసినవాటి జోలికి అంతగా పోలేదు. ఆ జాతి మగపిట్ట ముక్కు ఎర్రగా ఉంటుంది. పరిశోధకురాలు గుర్తుపట్టడం కోసం తొడిగిన రంగు ఆడపిట్ట కంటికి మగతనపు హంగుగా కనిపించిందన్నమాట.

రేడియో, ఉపగ్రహ పరికరాల సంగతి ఇంకా చిక్కు. 84 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన ఒక విశ్లేషణలో రెండు విషయాలు కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. పరికరం మోసే పక్షికి శక్తి ఖర్చు పెరుగుతుంది. అది అసలు గూడు కట్టే అవకాశమే తగ్గుతుంది. పరికరం ఎంత బరువైతే అంత హాని అన్న సూటి లెక్క మాత్రం ఆ విశ్లేషణలో తేలలేదు. అయినా పరిశోధకులు ఇప్పటికీ చెప్పుకునే భరోసా బరువు గురించే: పరికరం పక్షి ఒంటి బరువులో 3 శాతం మించకూడదు, కొందరి మాటలో 5 శాతం. ఆ లెక్కన 5 కిలోల ఆడ బట్టమేకకు 150 గ్రాములు కట్టవచ్చు. 450 గ్రాముల మగ నేలనెమలికి 13 గ్రాముల పైచిలుకు కట్టవచ్చు. కాగితం మీద ఈ రెండూ సమానమే.

కానీ ఆ రెండు పక్షులు సంతానం కోసం పడే పాట్లు వేరు. మగ నేలనెమలి వానాకాలపు గడ్డిలో తన చోటు చూసుకుని, గడ్డి దుబ్బుల పైకి నిలువునా ఎగిరి దూకుతుంది. ఒక్క రోజులో 500 సార్ల దాకా ఎగిరిన మగపక్షులు ఉన్నాయి. ఆ ఎగురుడు చూసే ఆడపక్షి దాన్ని వెతుక్కుంటూ వస్తుంది. ఈ జాతిలో ఆడది మగదానికంటే పెద్దది. మగది చిన్నగా, తేలికగా ఉండడానికి ఈ గెంతులే కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. తరతరాలుగా బరువు తగ్గించుకుంటూ వచ్చిన దేహానికి 13 గ్రాములు తగిలిస్తే ఆ భారం గెంతు గెంతుకూ పడుతుంది. నేల మీద నడిచే పక్షికి చెల్లిన 3 శాతం సూత్రం దీనికి చెల్లదు.

మగ బట్టమేక పద్ధతి వేరు. అది గెంతదు, మెడ కింది సంచిని గాలితో నింపి మోకాళ్ల దాకా వేలాడదీసి, తోక పైకెత్తి, దూరానికి వినబడేలా గంభీరంగా కూస్తుంది. ఆడదానికి కావలసింది ఆ మెడ, ఆ గొంతు. ఇలాగే గుంపుగా ఒకచోట చేరి రొమ్ము సంచులు ఉబ్బించి ఆడపక్షులను పిలిచే అమెరికా సేజ్ గ్రౌస్ కోళ్లకు మెడలో ట్రాన్స్‌మిటర్ కట్టినప్పుడు మగవాటి కూతలో తేడా వచ్చిందని 2017లో ఒక అధ్యయనం చూపించింది. బట్టమేక మెడకు ఏది కట్టాలన్నా ముందు ఆ పత్రం చదవాలి. వీపుకు కట్టే పరికరానికి ఈ చిక్కు తక్కువే, అయితే దాని పట్టీలు రొమ్ము మీదుగానే పోతాయి.

ఆడ బట్టమేక ఒక ఈతకు పెట్టేది సాధారణంగా ఒకే గుడ్డు. నాలుగు వారాలకు కాస్త తక్కువగా పొదుగుతుంది. మగది దగ్గరికి రాదు, గూడంటూ ఉండదు, గడ్డి మధ్య బోసినేలే గూడు. ఆడది లేచిపోతే కాకి, ఉడుము, ముంగిస, ఊరకుక్క ఎదురుచూస్తూనే ఉంటాయి. నాలుగైదు గుడ్లు పెట్టే పిచ్చుకను వల వేసి పట్టి వదిలితే అది నష్టాన్ని మరో ఈతలో పూడ్చుకోగలదు. బట్టమేకకు ఆ వెసులుబాటు లేదు. పొదిగే కాలంలో దాన్ని పట్టడమంటే ఆ ఏటి సంతానాన్ని పందెం కాయడమే.

పట్టడం అన్న మాట దగ్గర ఆగాలి. రింగు, పరికరం, రంగు గురించి రాసినంతగా పట్టే పని గురించి పత్రికల్లో రాయరు. పొడవు కాళ్ల పక్షులను వలలో ఎక్కువసేపు ఉంచితే కాలి కండరాలు దెబ్బతిని నడవలేకపోతాయి. బట్టమేక కుటుంబానికే చెందిన యూరప్ చిన్న బస్టర్డుల మీద చేసిన పనిలో, చేతిలో ఉంచుకున్న సమయం పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరిగిందని తేలింది. మన ప్రాంతంలోనూ ఇందుకు చేదు గుర్తొకటి ఉంది. 1848లో లోకానికి తెలిసిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. 1986 జనవరిలో బాంబే సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్, స్థానిక వేటగాళ్ల సాయంతో కడప జిల్లాలో దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాడు. అప్పుడు పట్టుబడ్డ పక్షి బతకలేదు. ఆ రోజుల్లో ప్రాణంతో ఉన్న సాక్ష్యం చూపించడం తప్పనిసరి అనిపించి ఉండవచ్చు. ఆ ఒక్క పక్షి సంఘటన తర్వాతి వాళ్ల పద్ధతిని మార్చిందనే నేను అనుకుంటున్నాను.

ఎందుకంటే తర్వాతి పని పక్షిని ముట్టుకోకుండానే సాగింది. పి. జగన్నాథన్, ఆయన సహచరులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చూశారు, తమంతట తామే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు, 2002లో ఆ పద్ధతిని ప్రచురించారు. మునిమాపు వేళ పక్షి కూతను వినిపించి బదులు వస్తుందేమో చూసే పద్ధతి కూడా వచ్చింది. రాత్రి చీకట్లో తిరిగే పక్షి ఎక్కడుందో చెప్పడానికి ఇవి చాలాయి. సంతానం గురించి మాత్రం ఇవి ఏమీ చెప్పలేకపోయాయి. కలివికోడి గుడ్డు అంటూ శాస్త్రానికి దొరికింది స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలోనే. 1917లో కోలారు ప్రాంతంలో సేకరించిన ఆ గుడ్డును డీఎన్‌ఏ పరీక్షతో నిర్ధారించి 2013లో ప్రకటించారు. గూడు జాడ తెలియాలంటే ఒక పక్షికి పరికరం కట్టి వెంబడించాలన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. అయితే మొత్తం జాతిలో ఎన్ని మిగిలాయో చెప్పలేని స్థితిలో, గూడు కట్టే అవకాశాన్నే తగ్గించే పరికరంతో గూటిని వెతకడం ఏ లెక్కకూ నిలవదు.

ఎదుటి వాదనలోని బలాన్ని కాదనలేం. రోళ్లపాడు అభయారణ్యం 1988లో ఏర్పడింది, విస్తీర్ణం 614 హెక్టార్లు. 1980లలో అసద్ రహ్మానీ, రంజిత్ మనకదన్ అక్కడి బట్టమేకల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పనికి వెన్నెముక దూరం నుంచి ఓపిగ్గా చూడడమే. కృష్ణజింకలు పెరిగి పైర్ల మీద పడడం, రైతుల కోపం, అలగనూరు జలాశయం, కాలువ నీటితో మారిన పైర్లు, తగ్గిన బీళ్లు అన్నీ ఆ దశాబ్దాల కథలో ఉన్నాయి. ఆ పక్షులు ఇక్కడ లేని నెలల్లో ఎక్కడ తిరిగాయో, 614 హెక్టార్ల కంచె బయట ఏ శనగచేలో, ఏ కరెంటు తీగ కింద చనిపోయాయో చెప్పే గుర్తు మాత్రం వాటి ఒంటి మీద లేదు. ఈ మధ్య రాజస్థాన్, గుజరాత్‌లలో భారత వన్యప్రాణి సంస్థ పరికరాలు కట్టడం వల్ల అక్కడి పక్షులు ఎంత విశాలంగా తిరుగుతాయో తెలిసింది. థార్‌లో ఏటా 18 దాకా బట్టమేకలు తీగలకు తగిలి చనిపోతున్నాయని ఆ సంస్థ 2020లో అంచనా వేసింది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగలను నేలలో పాతమని చెప్పిన ఉత్తర్వు వెనుక ఇలాంటి అంకెలే ఉన్నాయి. 2024 మార్చిలో ఆ ఉత్తర్వును కోర్టే సడలించింది. అయితే తీగల కింద నడిచి కళేబరాలు లెక్కపెట్టడానికి పరికరం అక్కర్లేదని మరిచిపోకూడదు.

రోళ్లపాడుకు బట్టమేకలు మళ్లీ వచ్చే దారి ఏదైనా ఉంటే అది 2019లో జైసల్మేర్ దగ్గర మొదలైన సంరక్షణ కేంద్రం లాంటి చోటనుంచే కావచ్చు. అక్కడ అడవిలో సేకరించిన గుడ్లను పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. అలా చేతుల మీద పెరిగిన పక్షికి గుర్తు వేయడం మీద నాకు అభ్యంతరం లేదు, పైగా తప్పనిసరి అంటాను. దాన్ని వలతో పట్టే పని లేదు, పొదిగే గుడ్డు మీంచి లేపే పని లేదు. వదిలిన పక్షి బతికిందో లేదో తెలియకపోతే ఆ కార్యక్రమానికి అర్థమూ లేదు. అడవిలో పుట్టిన నేలనెమలి సంగతి అలా కాదు. దానికి రాలిన ఈకల నుంచి, గుడ్డు పెంకుల నుంచి డీఎన్‌ఏ తీసి ఒక్కో పక్షిని వేరుగా లెక్కించే వీలుంది. గెంతే చోట్లు ఏటా దాదాపు అవే కాబట్టి గట్టు మీద కూర్చున్న మనిషికి మగవాటి లెక్క అందుతుంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం పట్టడాన్ని కూడా వేట కిందే జమకడుతుంది. పరిశోధన కోసమైనా 12వ సెక్షన్ కింద అనుమతి కావాలి, మొదటి షెడ్యూలు జీవికైతే కేంద్రం ముందస్తు సమ్మతి కూడా కావాలి. ఆ అనుమతిలో పరికరం బరువుతో పాటు ఇంకో షరతు చేర్చాలని నా ప్రతిపాదన. గుర్తు వేసిన ప్రతి పక్షి పక్కన అదే బీట్లో గుర్తు లేని పక్షుల గుడ్లు, పిల్లల లెక్క కూడా నివేదికలో పట్టికగా ఉండాలి, పట్టుకున్న సమయం నిమిషాల్లో రాయాలి, పట్టే క్రమంలో చనిపోయిన పక్షుల సంఖ్య సున్నా అయినా రాయాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. ఆ పట్టిక లేని పత్రాన్ని వెనక్కి పంపే అధికారం పత్రికల సంపాదకులకు ఇప్పటికే ఉంది.