పరీక్ష రాసి బయటికొచ్చాక

మన సంఘం ప్రత్యేక సంచికకు చదువుల చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. విద్యాసంస్థల స్థాపన గురించి సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను రాయదలచింది చిన్న సంగతి. పరీక్ష ముగిసి, గంట కొట్టి, పిల్లలు బయటికి వచ్చాక గేటు దగ్గర జరిగే ముచ్చట. "నువ్వేం రాశావు? నాకెన్ని రావచ్చు?" అనే ఈ రెండు ప్రశ్నలకూ ఒక చరిత్ర ఉంది. సీతాఫల్‌మండిలో అరవై ఏళ్లుగా చూస్తున్నాను గనుక రాస్తున్నాను.

మా బస్తీకి ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. మా ఇంటి నుంచి అక్కడికి నడిచి వెళ్లవచ్చు. రైల్వే ఉద్యోగులు, మాబోటి గుమాస్తాలు, గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు, వీళ్లే అప్పటి మా బస్తీ. మార్చి నెల వచ్చిందంటే ఇరానీ హోటలు బల్లల మీద చాయ్ కప్పులతోపాటు మడతలు పడిన ప్రశ్నపత్రాలు ఉండేవి.

నేను 1967లో పి.యు.సి. పరీక్ష రాశాను. లెక్కల పేపరు రాసిన వాళ్లకు బయటికి వచ్చిన పది నిమిషాల్లో సంగతి తేలిపోయేది. జవాబు కలిస్తే కలిసినట్టు, లేకపోతే లేనట్టు. జీవశాస్త్రం వాళ్లకు ఆ అదృష్టం లేదు. అన్నీ వ్యాసరూప ప్రశ్నలు. బొమ్మకు ఎన్ని మార్కులు, భాగాల పేర్లు రాస్తే ఎన్ని, ఒక పేరు తప్పితే ఎన్ని కోస్తారు, ఇవన్నీ ఊహలే. దిద్దే మేష్టరు ఏ ఊళ్లో ఉన్నాడో, ఏ మనఃస్థితిలో దిద్దుతాడో ఎవరికీ తెలియదు. అచ్చయిన జవాబులు బయటికి రావు, దిద్దిన పత్రం మన కంట పడదు. రెండు నెలల తర్వాత పత్రికలో హాల్ టికెట్ నంబరు ఉంటే ఉన్నట్టు. ఈ చీకటిలో మాకున్న దీపం పక్కవాడి జ్ఞాపకమొక్కటే. అందుకే అంతసేపు నిలబడి మాట్లాడుకునేవాళ్లం.

ఆ ఏడు జీవశాస్త్రం పేపరులో మలేరియా గురించి అడిగారు. సికిందరాబాదు పిల్లలకు మలేరియా అంటే సొంత ఊరి పాఠం. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దొర ఇక్కడే, బేగంపేటలో, అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. రోగిని కుట్టడానికి వదిలిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి ఇచ్చేవాడట. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ భవనం తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చింది. అయితే పరాన్నజీవిని మనిషి నెత్తురులో మొదట చూసినవాడు రాస్ కాదు. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు. దోమ సంగతి తేల్చింది రాస్. ప్రశ్నలో ఒక్క మాట అటూ ఇటూ అయితే జవాబు మారిపోతుంది.

మాలో ఒకతను మంచి విద్యార్థి, డాక్టరు కావాలని పట్టుదల. పరాన్నజీవిని మొదట చూసినవాడి పేరు దగ్గర, ఊరి అభిమానం కొద్దీ కాబోలు, రాస్ అని రాశాడు. జీవితచక్రం బొమ్మలో దోమలో జరగవలసిన దశను మనిషి నెత్తురులో వేశాడు. గేటు బయట మేమంతా చుట్టూ చేరి లెక్కగట్టాం. వ్యాసం మొత్తం పోయినట్టేనని ఒకరు, బొమ్మ తప్పయితే పరీక్షకుడు మిగతాది చదవనే చదవడని ఇంకొకరు. నేను కూడా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు గాని, ధైర్యం చెప్పలేదని మాత్రం గుర్తుంది. నడిచి మా బస్తీకి వచ్చేసరికి అతనికి ముప్పై కూడా రావని అందరం కలిసి తేల్చేశాం.

మర్నాడు రసాయనశాస్త్రం పేపరు. అతను రాలేదు. ఒకటి పోయాక ఇంకొకటి రాసి లాభమేమిటి అనుకున్నాడట. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. పరీక్షకు వెళ్తున్నానని బయల్దేరి, పార్సిగుట్ట వైపు తిరిగి మధ్యాహ్నానికి ఇంటికి చేరాడు.

మార్కుల మెమో వచ్చింది. జీవశాస్త్రంలో పాసయ్యాడు, అదీ నాకన్నా తొమ్మిది మార్కులు ఎక్కువగా. రసాయనశాస్త్రం ఎదుట గైరుహాజరు. సెప్టెంబరు పరీక్షలో గట్టెక్కాడు గాని అప్పటికి కాలేజీల్లో చేరికలు అయిపోయాయి. మరుసటి ఏడు ఇంటి పరిస్థితి మారి ఉద్యోగంలో చేరాడు. ఆ రోజు గేటు దగ్గర మా లెక్క తప్పని మాలో ఎవ్వరం అతనితో అనలేదు. అతనూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

తర్వాతి కాలంలో ఈ చీకటి నెమ్మదిగా తొలగింది. రకరకాల పరీక్షలు పాసైన వారికి ఒకే కొలత ఉండాలని ఎం.బి.బి.ఎస్. చేరికలకు మన రాష్ట్రం ప్రవేశపరీక్ష పెట్టింది. కొందరు కోర్టుకు వెళ్లగా 1971లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి ఆ అధికారం ఉందని తేల్చింది. 1986 నుంచి ఎంసెట్ వచ్చింది. వ్యాసాలు పోయి, నాలుగింటిలో ఒకటి ఎంచుకుని గుండ్రని గడి నింపే పద్ధతి వచ్చింది. జీవశాస్త్రం కూడా లెక్కల మాదిరే తేలే సబ్జెక్టయింది. "కీ" అనే మాట ఇంటింటికీ తెలిసింది. మా వీధిలో తెల్లవారుజామున పత్రిక కోసం పిల్లల కన్నా తండ్రులే ముందు లేచేవారు. ఒక్కోసారి రెండు పత్రికల కీలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. అప్పుడు ఏది ఎక్కువ మార్కులిస్తే అదే సరైన కీ!

కీ తప్పయితే దిక్కెవరు? కాన్పూరు విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు 1983లో దీన్ని విచారించింది. అది ఉత్తరప్రదేశ్ ప్రీ-మెడికల్ పరీక్ష వ్యవహారం. కీలోని కొన్ని జవాబులు పాఠ్యపుస్తకాలకే విరుద్ధంగా ఉన్నాయని విద్యార్థులు రుజువు చేశారు. కీ ప్రచురించకపోతే గొడవే ఉండేది కాదన్న వాదన సరికాదని, దాచిపెడితే ఎందరో పిల్లలు అన్యాయాన్ని మౌనంగా భరించవలసి వచ్చేదని న్యాయస్థానం భావించింది. అయితే మరుసటి ఏడాదే, 1984లో, మహారాష్ట్ర బోర్డు కేసులో దిద్దిన జవాబు పత్రాన్ని చూపించమని అడిగే హక్కు విద్యార్థికి లేదని తీర్పు వచ్చింది. కీ చూడవచ్చు, తన పేపరు తాను చూడరాదు.

ఇది మనకు కొత్త కాదు. మన రహస్య నివేదికల్లో పై అధికారి ఏం రాశాడో తెలియకుండానే మనలో ఎందరికి ప్రమోషన్లు ఆగిపోలేదు! నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలపాలని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అప్పటికి నేను విరమణ చేసి ఏడాదైంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. దాని కింద దిద్దిన జవాబు పత్రాన్ని విద్యార్థి చూడవచ్చని 2011 ఆగస్టు 9న తీర్పు వచ్చింది. 1967లో మా మిత్రునికి ఈ హక్కు ఉన్నా ఆ సాయంత్రానికి అక్కరకు వచ్చేది కాదనుకోండి.

చీకటి తొలగిందన్నాను గాని పూర్తిగా కాదు. 2016 జులై 9న జరిగిన తెలంగాణ ఎంసెట్-2 ప్రశ్నపత్రం ముందే బయటపడిందని తేలింది. కొందరు పరీక్షకు ముందే జవాబులు పోల్చుకున్నారన్నమాట! దాన్ని రద్దు చేసి సెప్టెంబరు 11న మళ్లీ పెట్టారు. 2019 ఏప్రిల్ 18న వచ్చిన ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేసి, తర్వాత 99 అని సరిదిద్దారు. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వారందరి పత్రాలూ ఉచితంగా మళ్లీ పరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించింది. ఆ వార్తలు చదివిన వారం రోజులు నాకు పార్సిగుట్ట వైపు వెళ్లిన ఆ కుర్రవాడే కళ్లముందు మెదిలాడు.

ఇప్పుడు వైద్యవిద్యకు నీట్. జీవశాస్త్రానికి 360 మార్కులు, మొత్తం 720. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. కీ మీద అభ్యంతరం చెప్పాలంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టాలి. 2024లో ఒక భౌతికశాస్త్రం ప్రశ్నకు పాత పాఠ్యపుస్తకం ప్రకారం ఒక జవాబు, కొత్త పుస్తకం ప్రకారం ఇంకొకటి వచ్చాయి. మొదట రెంటికీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఢిల్లీ ఐఐటీ నిపుణులను అడిగి ఒక్కటే సరైనదని తేల్చాక, నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు అయిదేసి మార్కులు తగ్గాయి. అందులో మా మనవరాలు ఒకతె.

ఆమె ఆ పరీక్ష రాసింది మే 5న. సాయంత్రం ఇంటికి వస్తూనే చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూర్చుంది. ప్రశ్నపత్రం ఒడిలో పెట్టుకుని, ఫోనులో ఎవరో పెట్టిన కీతో టిక్కులు కొట్టసాగింది. ఇద్దరు స్నేహితురాళ్లు ఫోనులోనే వాదిస్తున్నారు. అదే సమయానికి మా పి.యు.సి. మిత్రుడు, రోజూ వచ్చినట్టే, చాయ్ కోసం వచ్చాడు. కాసేపు గుమ్మంలోనే నిలబడి చూశాడు.

"రేపింకో పేపరుందా బిడ్డా?" అని అడిగాడు.

"లేదు తాతా, ఇదొక్కటే."

"అయితే చూస్కో," అని లోపలికి వచ్చి కూర్చున్నాడు.