సొమ్ము ముట్టని దళారి

ఏ కంపెనీ షేరు కొనాలన్నా ముందు ఆ కంపెనీతో రోజూ లావాదేవీలున్న వాళ్లతో మాట్లాడటం నా అలవాటు. ప్రయాణాల బుకింగ్ వ్యాపారం గుట్టు నాకు తెలిసింది ఆమ్‌స్టర్‌డామ్‌లో, కాలువగట్టున ఉన్న ఒక చిన్న హోటల్లో. నిచ్చెనలాంటి మెట్లు, లిఫ్టు లేదు, గదులు డజనులోపే. తాళాలిచ్చేదీ, పొద్దున్నే కాఫీ పోసేదీ యజమానురాలే. "వెబ్‌సైట్లో బుక్ చేసుకున్నవాళ్ల డబ్బు మీ చేతికి ఎప్పుడొస్తుంది?" అని అడిగాను. "వచ్చిన మనిషి నాకే ఇస్తాడు. కమీషన్ బిల్లు తర్వాత వస్తుంది, కడతాను" అంది.

అమెరికాలో ఈ వ్యాపారం అలా మొదలవలేదు. 1996లో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీడియాను తెచ్చింది. అదే ఏడాది విమాన టికెట్ల రిజర్వేషన్ సంస్థ సేబర్ నుంచి ట్రావెలాసిటీ వచ్చింది. అక్కడ లాభం ఎక్కువగా, గదుల్ని తక్కువ రేటుకు మాట్లాడుకుని, ప్రయాణికుడి కార్డు నుంచి ముందే డబ్బు లాగి, హోటల్‌కు తర్వాత కట్టడంలో ఉండేది. జే వాకర్ పెట్టిన మరో బుకింగ్ సైటు ప్రైస్‌లైన్ షేరు 1999 మార్చిలో 16 డాలర్లకు మార్కెట్లోకొచ్చి, తొలిరోజే 69 దగ్గర ముగిసింది. 2000 చివరికల్లా ఒకటి రెండు డాలర్లకు దిగిపోయింది.

ఆ 1996లోనే నెదర్లాండ్స్‌లో గీర్ట్ యాన్ బ్రూయిన్స్మా అనే యువకుడు హోటల్ గదుల సైటు ఒకటి మొదలుపెట్టాడు. యూరప్‌లో చాలా హోటళ్లు చెయిన్‌లవి కావు, కుటుంబాలవి. ముక్కూమొహం తెలియని కంపెనీ తమ అతిథి సొమ్ము ముందే పుచ్చుకుంటానంటే వాళ్లు ఒప్పుకోరు. ఈ సైటు ఆ సొమ్ము ముట్టుకోలేదు. అతిథి వస్తేనే కమీషన్, రాకపోతే ఏమీ లేదు. పోయేదేముందని ఊరూరా చిన్న హోటళ్లు చేరాయి. హోటళ్లు ఉన్నచోటికి ప్రయాణికులొచ్చారు, వాళ్లను చూసి మరిన్ని హోటళ్లొచ్చాయి.

దెబ్బతిన్న ప్రైస్‌లైన్ 2004లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన, ఇదే పద్ధతిలో నడిచే యాక్టివ్ హోటల్స్‌ను 16.1 కోట్ల డాలర్లకు కొంది. 2005లో ఈ డచ్ కంపెనీని, అంటే బుకింగ్ డాట్ కామ్‌ను, 13.3 కోట్లకు కొంది. ఇంటర్నెట్ చరిత్రలో ఇంత చవకబేరం నాకు ఇంకొకటి కనబడదు. 2018లో ప్రైస్‌లైన్ తన పేరే వదిలేసి బుకింగ్ హోల్డింగ్స్ అయింది.

అయితే, కొమ్ములు తిరిగాక దళారి షరతులూ పెరిగాయి. తన సొంత సైట్లో కూడా హోటల్ యజమాని బుకింగ్‌లో ఉన్న రేటుకన్నా తక్కువ పెట్టకూడదన్న షరతును ఫ్రాన్స్ 2015లో చట్టం చేసి తీసేసింది. నేను ఈ కంపెనీ వాటాదారునే అయినా ఆ చట్టం న్యాయమైనదనే అంటాను. గది ఊడ్చి, దుప్పటి మార్చి, అతిథిని చూసుకునేది ఆ యజమాని. తన గది ధర చెప్పుకునే హక్కు ఆయనదే.

ఇప్పుడు బుకింగ్ కూడా ప్రయాణికుల చెల్లింపులు తనే తీసుకోవడం బాగా పెంచింది. ఈ షేరు కొనదలచినవాళ్లు వార్షిక నివేదికలో ముందు ఆ చెల్లింపుల వాటా ఎంతో చూడండి.