యానిమే పాత్రల కదలికలు

జపాన్ యానిమేషన్‌కు లోకమంతా వాడుతున్న పేరు యానిమే. అందులో పాత్రలు కదిలే తీరును చూడగానే పోల్చుకోవచ్చు. మాట్లాడేటప్పుడు ముఖం బిగిసే ఉంటుంది, పెదవులు మాత్రం ఆడతాయి. దెబ్బ కొట్టే ముందు ఒక్క క్షణం నిలిచిపోయి, ఆ వెంటనే కంటికి అందనంత వేగంగా దూకుతారు. జుట్టూ బట్టలూ గాలికి ఊగుతుంటాయి, మనిషి కదలడు. కోపం వస్తే నుదుటి మీద నరాల గుర్తు, ఇబ్బంది పడితే తల పక్కన ఇంత లావు చెమట చుక్క. ఎందుకిలా అని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. డబ్బు చాలక బొమ్మలు తగ్గించారన్నది ఒకటి, కబుకి అనే సంప్రదాయ నాటకం వారసత్వమన్నది ఇంకొకటి. మొదటిది నిజమే గానీ సగం నిజం. రెండోదాన్ని ఆచితూచి వాడాలి. పొదుపు కోసం పుట్టిన ఉపాయాలను తర్వాతి తరాలు కావాలనే ఎంచుకున్నాయి, వాటికి పదును పెట్టాయి.

తొలి రోజులు

జపాన్ వాళ్లు మొదటి నుంచీ ఇలా గీయలేదు. యుద్ధకాలంలో నౌకాదళం డబ్బుతో సెవో మిత్సుయో తీసిన మొమొతారో సినిమాలో కదలికలు డిస్నీ బాణీలో నునుపుగా సాగుతాయి. 1945లో ఒసాకాలో ఆ సినిమా చూసిన పదహారేళ్ల కుర్రాడే తర్వాత కామిక్స్ రంగాన్ని ఏలిన తెజుకా ఒసాము. 1956లో ఏర్పడిన తోఎయ్ దోగా సంస్థ ‘తూర్పు దేశాల డిస్నీ’ కావాలని లక్ష్యం పెట్టుకుంది. రెండేళ్లకు ‘హకుజాదెన్’ అనే పూర్తి నిడివి రంగుల చిత్రం తెచ్చింది. ఆ దారిలోనే సాగి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

1963: వారం వారం గండం

1963 జనవరి 1న ఫుజి టీవీలో తెజుకా సొంత సంస్థ ముషి ప్రొడక్షన్ ‘తెత్సువాన్ అతోము’ మొదలుపెట్టింది. బయటి దేశాల్లో ఇది ఆస్ట్రో బాయ్‌గా తెలుసు. వారానికో అరగంట భాగం చొప్పున నాలుగేళ్లు నడిచింది. సినిమా ఫిల్ములో సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడితే సెకనుకు 12 బొమ్మలు కావాలి, మూడింటికి వాడితే 8 చాలు. ముషి బృందం మూడింటి లెక్క పట్టుకుంది. అయినా నిమిషానికి 480 బొమ్మలు! అవీ గీయలేక మరిన్ని దారులు వెతికారు. నిలిచిన బొమ్మ మీదుగా కెమెరాను జరిపారు. నడుము పై భాగం మాత్రం చూపించి, వెనకనున్న నేపథ్యాన్ని లాగితే మనిషి నడుస్తున్నట్టే ఉంటుంది. ఎగిరే అతోము బొమ్మలను దాచిపెట్టుకుని, ఆకాశం మార్చి మళ్లీ మళ్లీ వాడారు.

ఈ దాచుకునే పద్ధతి తర్వాత ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే 1992 నాటి ‘సైలర్ మూన్’ చాలు. కథానాయిక వేషం మారే ఘట్టం ప్రతి వారం అదే. గిరగిరా తిరగడం, చేయి చాపడం, చివర్లో వేలు చూపించి నిలబడడం. ఒకసారి గీసుకుంటే ఏడాది పొడవునా పనికొస్తుంది కాబట్టి దాని మీద ఎంత శ్రమైనా పెట్టొచ్చు. పిల్లలు విసుక్కోకపోగా దాని కోసమే ఎదురుచూశారు. భంగిమ పట్టి వేషం మార్చడానికి మరో మూలం బొమ్మలు కాక నటులే ఉండే సీరియళ్లు. 1971లో ‘కామెన్ రైడర్’ టీవీ సీరియల్ హీరో ఫుజియోకా హిరోషి షూటింగ్‌లో మోటార్ సైకిల్ ప్రమాదానికి గురయ్యాడు. ఆయన బదులు వచ్చిన రెండో రైడర్‌తోనే చేతులు తిప్పి కేక వేసే భంగిమ స్థిరపడింది.

బొమ్మలు తగ్గించడం జపాన్ కనిపెట్టిన విద్య కాదు. అమెరికాలో యూపీఏ స్టూడియో 1950 నాటికే ఆ పని చేసింది, హన్నా-బార్బెరా సంస్థ టీవీలో దాన్నే నమ్ముకుంది. అయితే అక్కడ ఎక్కువగా నవ్వించడానికి వాడారు. జపాన్‌లో చావులు, ప్రేమలు, పగలు ఉన్న సుదీర్ఘ కథలు చెప్పాల్సి వచ్చింది. కదలని బొమ్మతో ఏడిపించాలంటే కన్ను, నీడ, కెమెరా కోణం, మౌనం బరువు మోయాలి. యానిమే కళ్లు అంత పెద్దవి కావడం వల్ల ఈ పనికి బాగా అక్కరకొచ్చాయి.

పెదవులు

జపాన్‌లో సాధారణంగా బొమ్మలు సిద్ధమయ్యాకే గొంతులు చేర్చేవారు. అమెరికన్ స్టూడియోలలో ముందు మాటలు రికార్డు చేసి, అక్షరం అక్షరానికీ పెదవి గీస్తారు. జపాన్‌లో ఆ అవకాశం లేక మూసిన నోరు, సగం తెరిచిన నోరు, పూర్తిగా తెరిచిన నోరు అనే మూడు బొమ్మలతో సరిపెట్టారు. ముఖం ఒక పారదర్శక రేకు మీద ఉండేది, నోరు దాని పైన మరో రేకు మీద. తల కొంచెం కదిలినా నోరు అతికేది కాదు. అందుకే మాట్లాడే పాత్ర తల అలా బిర్రబిగుసుకుపోతుంది. జుట్టు ఊగడానికీ ఇదే ఏర్పాటు: కొన్ని బొమ్మలు వేరే రేకు మీద గీసి వలయంగా తిప్పేవారు. 1988లో ఒతోమో కత్సుహిరో ‘అకీరా’కు ముందుగానే మాటలు రికార్డు చేయించి పెదవులు కలిపాడు. దాన్ని వింతగా చెప్పుకోవడమే మామూలు పద్ధతి ఏదో చెబుతుంది.

కబుకి సంగతి

కబుకిలో ‘మియే’ అనే ఘట్టం ఉంది. కథ పతాకస్థాయికి చేరగానే నటుడు తల తిప్పి, మెల్లకన్ను పెట్టి, శిలలా నిలిచిపోతాడు. పక్కన కర్రముక్కలు టకటకా మోగుతాయి, ప్రేక్షకుల్లోంచి నటుడి వంశానికున్న రంగస్థల పేరు పెట్టి కేకలు లేస్తాయి. మన పద్యనాటకంలో నటుడు పద్యం చివర రాగం అందుకుని నిలబడితే ‘వన్స్‌మోర్’ అని జనం అరిచినట్టే. నిలబడటమే నటన అని ఒప్పుకునే ప్రేక్షకులు జపాన్‌లో శతాబ్దాలుగా ఉన్నారనడానికి మియే మంచి సాక్ష్యం. అంతమాత్రాన యానిమే చిత్రకారులు కబుకి చూసి గీశారని తేల్చలేం. వాళ్ల చేతికి దగ్గరగా ఉన్నది కామిక్స్. చెమట చుక్క, నరాల గుర్తు, వేగపు గీతలు నేరుగా అక్కడి నుంచే వచ్చాయి. పుస్తకంలో తనకు నచ్చిన భంగిమ తెర మీద కనీసం అరక్షణమైనా ఆగకపోతే పాఠకుడు ఊరుకోడు. తెజుకా పెరిగిన తకారజుకా ఊరిలో ఆడవాళ్లే మగ వేషాలు కట్టే సంగీత నాటక బృందం ఉంది. అమ్మాయిల కోసం వచ్చిన కథల్లో పాత్రలు రాజసంగా నిలబడే తీరులో ఆ రంగస్థలం ఛాయలు కనిపిస్తాయి.

దెజాకి, కనాదా

నిశ్చలత్వాన్ని కళగా మలచిన వాడు ముషిలో పని నేర్చుకున్న దెజాకి ఒసాము. 1970లో మొదలైన బాక్సింగ్ కథ ‘అషితా నో జో’లో ఉద్వేగం పతాకానికి చేరినప్పుడు కదిలే బొమ్మ ఆగి, కుంచెతో వేసిన చిత్రపటంగా మారిపోతుంది. అభిమానులు దాన్ని పోస్ట్‌కార్డ్ జ్ఞాపకం అంటారు. అలాంటి పటానికి ఎక్కువ శ్రమే పడుతుంది, పొదుపు అనే మాట ఇక్కడ సరిపోదు.

కనాదా యోషినోరి (1952–2009) దీనికి ఎదురుదిక్కు. ‘జాంబాట్ 3’ (1977), ‘గెలాక్సీ ఎక్స్‌ప్రెస్ 999’ (1979) లాంటి వాటిలో అతను గీసిన భాగాన్ని ఇట్టే పోల్చుకోవచ్చంటారు. మోకాళ్లు విపరీతంగా వంచి, ఒక చేయి కెమెరా మీదికి దూసుకొచ్చేలా గీస్తాడు. ఒక భంగిమకూ ఇంకో భంగిమకూ మధ్య ఉండాల్సిన బొమ్మలను ఎగరగొడతాడు. కాసేపు బిగబట్టి ఒక్క ఉదుటున వదిలేస్తే, చూసేవాడి కన్ను ఆ ఖాళీని తానే పూరించుకుంటుంది. బొమ్మలు తక్కువ, ఊపు ఎక్కువ. ఆ బాణీ ఇమాఇషి హిరోయుకి తీసిన ‘గురెన్ లగాన్’ (2007) దాకా వచ్చింది.

ఒక వ్యక్తి చేతిముద్ర ఇంతగా తెర మీద మిగలడానికి పని పంపకమే కారణం. డిస్నీలో ఒక్కో చిత్రకారుడికి ఒక్కో పాత్ర అప్పగించేవారు. జపాన్‌లో షాటు చొప్పున పంచుతారు, అందులో ఎన్ని పాత్రలున్నా అన్నీ ఒకరే గీస్తారు. ముఖాలు మారిపోకుండా పర్యవేక్షకుడు దిద్దుతాడు గానీ కదలిక లయ గీసినవాడిదే.

అందరూ ఈ దారిలో లేరు. తకాహాతా ఇసావో, మియజాకి హయావో కలిసి పనిచేసిన ‘హైదీ’ (1974)లో రొట్టె కోయడం, జున్ను కరిగించడం వంటి రోజువారీ పనులను ఓపిగ్గా చూపించారు. చిత్రమేమిటంటే మియజాకి సినిమాలకు కనాదా కూడా గీశాడు.

సైగలు

కొన్ని హావభావాలు బొమ్మల కిటుకులు కావు, జపాన్ జీవితంలోవి. ‘నేనా?’ అంటూ తన ముక్కునే వేలితో చూపించుకోవడం, నేలకు నుదురు ఆనించి క్షమాపణ అడగడం ఇలాంటివే. ఎక్కడో ఎవరో తన గురించి మాట్లాడుకుంటుంటే పాత్ర తుమ్ముతుంది. మనకు పొలమారుతుంది, వాళ్లకు తుమ్ము. ఇవి తెలియని ప్రేక్షకుడికి దర్శకుడి విచిత్ర కల్పనల్లా కనిపిస్తాయి. యానిమే పద్ధతి భారతీయ మర్యాదలకు ఎలా అతుకుతుందో 1992లో పూర్తయిన ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’లో చూడవచ్చు. యుగో సాకో, రామ్ మోహన్, సాసాకి కోయిచి దర్శకులు. 2025 జనవరిలో తెలుగు మాటలతో కూడా థియేటర్లకు వచ్చింది.

చేతులు వెనక్కి చాచి, ముందుకు వంగి పరిగెత్తే, నింజా కథ ‘నరుతో’లోని పరుగు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చేతులు ఊపకపోతే గీయాల్సింది తగ్గుతుంది, నింజా అన్న భావనా వస్తుంది. 2019 సెప్టెంబరులో అమెరికాలోని ఏరియా 51 స్థావరం దగ్గరికి చేరిన కుర్రకారు అలాగే పరిగెత్తి టీవీ వార్తలకెక్కారు.

కంప్యూటర్ వచ్చాక

పారదర్శక రేకుల వాడకం 2013లో ‘సజాఎ-సాన్’ సీరియల్‌తో ముగిసింది. త్రీడీ బొమ్మలైతే రెండు భంగిమలు ఇస్తే చాలు, మధ్యవి కంప్యూటరే ఖర్చు లేకుండా పుట్టిస్తుంది. కానీ అలా నునుపుగా కదిలితే అది యానిమేలా లేదు. ‘గిల్టీ గేర్ ఎక్సర్డ్’ (2014) వీడియో గేమ్ తయారుచేసిన ఆర్క్ సిస్టమ్ వర్క్స్ బృందం ఆ సదుపాయాన్ని ఆపేసింది. ఒక్కో భంగిమనూ చేత్తో సర్ది, దెబ్బ కెమెరా వైపు వచ్చేటప్పుడు పాత్ర చేతిని కావాలని సాగదీసి, తర్వాతి భంగిమ దాకా అలాగే నిలిపి ఉంచారు. ముషి వాళ్లు పని తగ్గించుకోవడానికి వదిలేసిన బొమ్మలను వీళ్లు అదనపు పని చేసి మరీ తీసేశారు.