ప్రార్థనయు మందును: బిడ్డల వ్యాధులలో సంఘ విశ్వాసము



మన అధ్యక్ష ఖండము నూరేండ్లు పూర్తిచేసుకొనిన ఈ సమయమున కట్టిన గుడులను, నడిపిన బడులను, సేవచేసి ప్రభువు సన్నిధికి వెళ్లిన పెద్దలను కృతజ్ఞతతో జ్ఞాపకము చేసుకొనుచున్నాము. వాటితోపాటు జ్ఞాపకము చేసుకొనదగినది మరియొకటి కలదు. ఇంటిలో ఒక బిడ్డకు పెద్ద జబ్బు వచ్చి, నెలలు, ఏండ్లు ఆసుపత్రి చుట్టు తిరుగవలసి వచ్చినప్పుడు మన విశ్వాసము ఎట్లు నిలిచినది, ఎట్లు నిలువవలెను అనునదే ఆ విషయము.

అట్టి ఇంటిలో తరచుగా వినబడు మాట ఒకటున్నది. “దేవుని నమ్మినవారికి మందులెందుకు? మందు మ్రింగితే నమ్మిక తక్కువైనట్లు కాదా?” తల్లిదండ్రులు అప్పటికే భయముతో నలిగి ఉందురు. ఆ మాట వారిని ఇంకను నలుగగొట్టును. కనుక ఈ ప్రశ్నకు చరిత్ర ఏమి జవాబిచ్చుచున్నదో చూతము.

మొదట వాక్యమును చూతము. హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో ఉన్నప్పుడు దేవుడు అతని ప్రార్థన విని, పదునైదు సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసెను. వాగ్దానము వచ్చిన తరువాతనే యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించెను (2 రాజులు 20). స్వస్థత నిశ్చయమైన తరువాత కూడ మందు వేయించిన ప్రవక్తను అవిశ్వాసి అని ఎవరును అనరు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. పౌలు అతనిని ప్రియుడని పిలిచెను గాని, వైద్యము మానుమని చెప్పినట్లు ఎక్కడను లేదు.

మన తెలుగు దేశములో సువార్తయు వైద్యమును ఒకే చేతిసంచిలో వచ్చినవి. లూథరన్ మిషను పక్షమున డాక్టర్ అన్నా కుగ్లర్ గారు 1883లో గుంటూరు వచ్చినారు. ఆమెను మొదట వైద్యమునకు గాక స్త్రీలకు బోధించు పనికి పంపినారు. అయినను కళ్లెదుట రోగులుండగా ఆమె మందుల పెట్టె మూయలేదు. 1898లో ఆసుపత్రి తెరువబడినది. 1930లో గుంటూరులోనే కన్నుమూయువరకు ఆమె సేవ సాగినది. అటు తమిళ దేశములో ఒకే రాత్రి ముగ్గురు తల్లులు ప్రసవవేదనలో స్త్రీ వైద్యురాలు లేక చనిపోవుట చూచిన ఐడా స్కడ్డర్ గారు వైద్యము చదివి, 1900లో తిరిగి వచ్చి వేలూరులో పని ఆరంభించినారు. వీరెవరును ప్రార్థన తక్కువైనందున మందు పట్టుకొనలేదు. ప్రార్థించినందుననే పట్టుకొన్నారు. ఈనాటికిని మన గ్రామములనుండి ఎందరో తల్లిదండ్రులు బిడ్డలను ఎత్తుకొని వేలూరు రైలు ఎక్కుచున్నారు.

ఇక ఒక వ్యాధినే తీసికొని చూచినయెడల సంగతి ఇంకను స్పష్టమగును. లుకేమియా అను రక్త క్యాన్సరు పిల్లలకు వచ్చు క్యాన్సర్లలో ముఖ్యమైనది. ఎముకల మూలుగలో పుట్టవలసిన మంచి కణములకు బదులు చెడు కణములు పెరిగిపోవును. బిడ్డ పాలిపోవును, జ్వరము విడువదు, చర్మముపై నెత్తుటి చుక్కలు కనబడును. 1947వరకు ఈ వ్యాధి వచ్చిన బిడ్డ కొన్ని వారములలోనో నెలలలోనో చనిపోవుట తప్ప వేరు మార్గము లేకుండెను.

ఆ మార్గము తెరచుటలో మన తెలుగువాని చెయ్యి ఉన్నది. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు స్ప్రూ వ్యాధివలన ఇద్దరు సోదరులను పోగొట్టుకొనినవారు. 1922లో అమెరికా వెళ్లి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకులైనారు. కణములు రెండుగా చీలి పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానివలెనే కనబడుచు దాని పనిని అడ్డగించు మందులను ఆయన బృందము తయారుచేసినది. బోస్టనులో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అట్టి మందును 1947 డిసెంబరులో ఒక బిడ్డకు ఇచ్చినారు. 1948 జూనులో 16మంది పిల్లల సంగతి ప్రకటించగా, వారిలో 10మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు మరణించినారు. ఆ జాతికి చెందిన మెథోట్రెక్సేట్ అను మందును నేటికిని ఈ పిల్లలకు వాడుచున్నారు. ఆయన మన సంఘస్థులు కారు. అయినను దేవుడు తన సూర్యుని అందరిమీదను ఉదయింపజేయువాడు గనుక, ఆ మందుకొరకు ఆయనను స్తుతించుటకు మనకు అడ్డు ఏమున్నది?

అయితే ఆ మందువలన తగ్గిన జబ్బు మరల తిరిగి వచ్చుచుండెను. ఇక్కడ ఒక మ్రొక్కుబడి కథ వచ్చును. డానీ థామస్ అను హాస్యనటుడు, లెబనోను దేశస్థుల కుమారుడు, కతోలిక విశ్వాసి. కష్టకాలములో పరిశుద్ధ యూదా పేర ఒక కట్టడము కట్టింతునని మ్రొక్కుకొనెను. పరిశుద్ధులకు మ్రొక్కుట మన సంఘ పద్ధతి కాదు. కాని అతడు ఆ మ్రొక్కు తీర్చుకొనిన విధము గమనింపదగినది. 1962 ఫిబ్రవరి 4న అమెరికాలోని మెంఫిస్ నగరములో పిల్లల ఆసుపత్రి తెరువబడినది. అప్పుడు ఈ రకపు లుకేమియా వచ్చిన పిల్లలు నూటికి నలుగురు మాత్రమే బ్రదుకుచుండిరి. అక్కడి మొదటి డైరెక్టరు డాక్టర్ డోనాల్డ్ పింకెల్ అనేక మందులను వరుసగా, దశలుగా, రెండు మూడేండ్లు ఇచ్చు పద్ధతిని పట్టుదలతో సాగించినారు. 1970నాటికి సుమారు సగముమంది బ్రదుకు స్థితి వచ్చినది. నేడు వసతులు గల దేశములలో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు.

ఇందులో సంఘము తప్పక తెలిసికొనవలసిన సంగతి ఒకటున్నది. జబ్బు తెలిసిన నాటికి బిడ్డ శరీరములో చెడు కణములు లక్ష కోట్లవరకు ఉండవచ్చును. మొదటి నెల వైద్యముతో పరీక్షలో అవి కనబడకుండ పోవును. బిడ్డ అన్నము తినును, ఆడుకొనును. కాని కంటికి కనబడనివి వందల కోట్లు మిగిలి ఉండవచ్చును. మిగిలిన రెండేండ్ల మందు వాటికొరకే. సరిగా ఈ సమయముననే కొందరు, “ప్రభువు స్వస్థపరచినాడు” అని కృతజ్ఞతా కూడిక పెట్టి, సాక్ష్యము చెప్పి, ఆసుపత్రికి వెళ్లుట మానుదురు. జబ్బు తిరిగి వచ్చినప్పుడు అది మునుపటికంటె మొండిదై వచ్చును. కూడిక పెట్టుట మంచిదే. స్తుతించుట మంచిదే. మరునాడు చీటీలోని తేదీ ప్రకారము ఆసుపత్రికి వెళ్లుట కూడ ఆ స్తుతిలో భాగమే. ఆ మాట గురువులే వేదికమీదనుండి చెప్పవలెను.

అట్లయిన విశ్వాసము చేయు పని ఏది? చివరివరకు నిలుచుటయే దాని పని. జుట్టు ఊడిపోయిన బిడ్డను చూచి తల్లి కుంగిపోవు దినమున, వెన్నులో ఇంజెక్షనుకు బిడ్డను పట్టుకొనవలసిన తండ్రి చేతులు వణకు దినమున, అప్పు పుట్టని దినమున, రేపు మరల రాగల బలమును అది ఇచ్చును. యాయీరు ప్రభువును పిలుచుకొని వచ్చుచుండగా దారిలో ఆలస్యమాయెను, దుర్వార్తయు వచ్చెను. అతడు వెనుదిరుగక ప్రభువు ప్రక్కనే నడిచెను. దీర్ఘ వైద్యములో ఉన్న తల్లిదండ్రుల విశ్వాసము అట్టి నడక.

బ్రదుకని బిడ్డల మాట కూడ దాచకూడదు. 1542 సెప్టెంబరులో మార్టిన్ లూథర్ కుమార్తె మగ్దలేనా పదమూడేండ్ల ప్రాయమున తండ్రి చేతులలో కన్నుమూసినది. పునరుత్థానమును లోకమునకు చాటిన ఆ తండ్రియే, క్రీస్తు మరణమును తలంచినను తన దుఃఖము పూర్తిగా తీరుటలేదని మిత్రునికి వ్రాసినాడు. అతని విశ్వాసము తక్కువైనందున ఆ బిడ్డ చనిపోయినదని అనుటకు ఎవరికి నోరు వచ్చును? పుట్టుగ్రుడ్డివాని విషయమై ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు, వాడైనను వాని కన్నవారైనను కాదని ప్రభువు తేటగా చెప్పెను (యోహాను 9). దుఃఖములో ఉన్న ఇంటి ఎదుట ఆ ప్రశ్న మరల వేయకుందము.

సంఘము చేయదగిన పనులు ఇంకను మిగిలియున్నవి. వైద్యములో బిడ్డకు తెల్ల రక్తకణములు తగ్గును. చిన్న జలుబైనను ప్రాణము మీదికి రావచ్చును. కనుక పదిమంది మంచము చుట్టు చేరి తలమీద చేతులుంచుటకంటె, ఒకరు చేతులు కడుగుకొని, మాస్కు కట్టుకొని, దూరముగా నిలిచి ప్రార్థించుట ప్రేమ. యౌవనస్థులు రక్తమును, ప్లేట్‌లెట్లను ఇయ్యవచ్చును. స్త్రీల మైత్రి ఇంటివద్ద మిగిలిన పిల్లలకు అన్నము వండిపెట్టవచ్చును. సంఘ పెద్దలు రైలు ఖర్చులకు, గది అద్దెకు కానుక పట్టవచ్చును. మొదటి నెల అందరు వత్తురు. రెండవ సంవత్సరములో ఎవరు వత్తురో వారే ఆ కుటుంబమునకు సంఘము.

గత నూరేండ్లలో మన పెద్దలు ఆసుపత్రి వరండాలో మోకరించి ప్రార్థించినారు, లేచి లోపలికి వెళ్లి బిడ్డకు మందు పట్టినారు. రానున్న నూరేండ్లకు మనమును అట్లే చేయుదుము గాక. బిడ్డల ప్రభువునకే మహిమ కలుగును గాక. ఆమేన్.