కమ్యూనిటీ మాది, కమ్యూనల్ కూడా మేమేనా?

ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే. లాటిన్‌లో 'కమ్యూనిస్' అంటే అందరిదీ, ఉమ్మడిది. ఉమ్మడిగా బతికే జనం కమ్యూనిటీ, ఉమ్మడిగా వాడుకునేది కమ్యూనల్. ఇంగ్లండులో కమ్యూనల్ గార్డెన్ అంటే ఇరుగూ పొరుగూ కలిసి వాడుకునే తోట. అక్కడెవరూ ఉలిక్కిపడరు. ఇక్కడ మాత్రం కమ్యూనల్ అనగానే కర్ఫ్యూ గుర్తొస్తుంది. ఆ వెంటనే మా టోపీలూ గడ్డాలూ గుర్తొస్తాయి.

తెల్లదొరలు మతాలనూ కులాలనూ కమ్యూనిటీలుగా లెక్క రాసుకున్నారు. 1909లో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలొచ్చాయి. 1932లో కమ్యూనల్ అవార్డు వచ్చింది. జాతీయవాదుల నోట ఆ మాట తిట్టయింది.

కానీ అదే కాలంలో మద్రాసులో కమ్యూనల్ జీవో నడిచింది. కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు మద్రాసు కిందే ఉండేవి. (నిజాం రాజ్యంలోని తెలంగాణది వేరే కథ.) 1927 లెక్క ప్రకారం ప్రతి 12 ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ కలిపి 2, అణగారిన కులాలకు 1. బ్రాహ్మణులకూ కమ్యూనల్ వాటా ఉందని గమనించండి! ఆ వాటా పుచ్చుకున్నందుకు వాళ్లను కమ్యూనల్ అన్నవాళ్లు మాకు కనబడలేదు. 1947లో లెక్క మార్చారు. 14లో మాకు 1 మిగిలింది.

1951లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ ఏడే రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 'వెనుకబడిన తరగతులు' అన్న మాటను ముందుకు తెచ్చారు. కమ్యూనిటీ పోయి క్లాసు వచ్చింది. ఆ దారినే 1970లో దూదేకులవారు బి.సి. జాబితాలోకొచ్చారు. మిగతా మాలో రిక్షా తొక్కేవాళ్లూ, పంక్చర్లు వేసేవాళ్లూ మాత్రం నవాబుల వారసులుగానే ఉండిపోయారు. 2004లో ముస్లింలందరికీ 5 శాతం అన్నారు, కోర్టు ఒప్పుకోలేదు. 2007లో వెనుకబడ్డారని గుర్తించిన ముస్లిం బృందాలకే బి.సి.-ఇ కింద 4 శాతం ఇచ్చారు. మా పేదరికాన్ని కమ్యూనిటీ పేరుతో అడిగితే వినని చెవులు, క్లాసు పేరుతో అడిగితే కొంచెం విన్నాయి.

అయినా మండలాఫీసులో మా పిల్లల చేతికిచ్చే కాగితం మీద మొదటి మాట కమ్యూనిటీయే: కమ్యూనిటీ, నేటివిటీ, పుట్టినతేదీ సర్టిఫికెట్. అది పట్టుకుని సీటు కోసం వరుసలో నిలబడితే, వెనక నుంచి వినబడేది రెండో మాట.