అత్తగారూ, ఎత్తైన కారూ

మా వారు కారు మారుద్దామన్నప్పటి నుంచీ మా ఇంట్లో రెండు పార్టీలు. వేగం, ఇంజను బలం కావాలని ఆయనా, మా అబ్బాయీ. అత్తగారు ఎక్కగలగాలని నేను. ఆవిడ మోకాళ్ళ ఆపరేషనయి ఏడాది కాలేదు మరి!

పోట్లాటకి ఆధారాలుండాలి కదా అని ఈ భారీ కార్ల పూర్వోత్తరాలు తిరగేశాను. తీరా చూస్తే ఈ తగాదా మా ఇంట్లో పుట్టింది కాదు!

1970లో ఇంగ్లండులో రేంజ్ రోవర్ వచ్చింది. మూడున్నర లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, కమాను పట్టీలకి బదులు చుట్టల స్ప్రింగులు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు. పొలాల్లోకి పోతుంది, రోడ్డు మీదా పరుగెత్తుతుంది. బురదయితే లోపల నీళ్ళు కొట్టి కడిగెయ్యొచ్చు. అంతా బాగానే ఉంది గాని, తలుపులు రెండే! వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి దూరాలి. కంపెనీ వారు నాలుగు తలుపుల బండి అమ్మేసరికి 1981 వచ్చింది. పదకొండేళ్ళు! ఆ కంపెనీలో ఎవరికీ అత్తగార్లు లేరు కాబోలు.

1999లో బి.ఎం.డబ్ల్యూ. ఎక్స్5 వచ్చింది. ఎత్తైన బండి మలుపులో ఒరుగుతుంది. ఒరగకుండా స్ప్రింగులు బిగిస్తే వెనక సీటు వాళ్ళ నడుములు విరుగుతాయి. వాళ్ళు మలుపుల వైపే మొగ్గారు. సీట్లు అయిదే. మూడో వరుస కావాలంటే 2006లో రెండో తరం బండి వచ్చేదాకా ఆగాల్సొచ్చింది, అదీ అదనపు డబ్బుకి.

స్పోర్ట్స్ కార్ల పోర్షే కూడా 2002లో కెయెన్ తెచ్చింది. అందులో టర్బో రకానికి 450 గుర్రాల బలం. పాత అభిమానులు ముక్కు విరిచారు, సంసారులు కొనుక్కున్నారు. నాకు నచ్చింది మాత్రం దాని గాలి స్ప్రింగులు. సామాను ఎక్కించేటప్పుడు బండి కిందికి వంగుతుందట. సామానుకి వంగేది అత్తగారికి వంగదూ?

దాని ధర విని మా వారు నవ్వేసి, మరో షోరూముకి తీసుకెళ్ళారు. అక్కడి కుర్రాడు హార్స్ పవర్ వర్ణిస్తూంటే మా అత్తగారు అడ్డొచ్చి, "గుర్రాల సంగతి సరే నాయనా, ఎక్కడానికి పీటేదీ?" అన్నారు. పాపం, లోపల్నించి ప్లాస్టిక్ స్టూలు తెచ్చాడు. ఎక్కారావిడ. దిగేటప్పుడు మాత్రం నేనూ మా అబ్బాయీ చెరో చెయ్యీ పట్టుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత మా వారు ఇంజను మాట ఎత్తలేదు. నిన్న చూద్దును గదా, టేపు పట్టుకుని మా వంటింటి పీట ఎత్తు కొలుస్తున్నారు.