బూచివాడు – పసిబిడ్డ మారాము

రెండేండ్ల బిడ్డ తాను కోరిన వస్తువు చేతికి రాకపోయినచో నేలమీద పడి దొర్లును, కాళ్లు తన్నుకొనును, గుక్కపట్టి ఏడ్చును. దీనిని మన తల్లులు మారాము అనియు, మంకుపట్టు అనియు, పేచీ అనియు అందురు. దీనిని ఆపుటకు మన ఇండ్లలో తరతరాలుగా ఒక సులభోపాయము వాడుకలో నున్నది. “అదుగో, బూచాడొస్తున్నాడు!” అన్నంతనే బిడ్డ నోరు మూతపడును. కాని నోరు మూతపడుటయు మారాము తీరుటయు ఒకటేనా? ఈ ప్రశ్నకు శాస్త్రము క్రమక్రమముగా సమాధానము వెదకిన చరిత్ర తెలిసికొనదగినది.

బూచి ఎవడు?

బందరు రేవు 1750లో ఫ్రెంచివారి వశమైనది. 1753లో సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చినాడు. 1757 జనవరిలో బుస్సీ సేనలు బొబ్బిలి కోటను నాశనము చేసినవి. 1759 ఏప్రిల్‌లో ఆంగ్ల సేనాని ఫోర్డు బందరు కోటను పట్టుకొనుటతో ఈ తీరమున ఫ్రెంచివారి పెత్తనము ముగిసినది. బందరులో ఫ్రెంచిపేట అను పేరు మాత్రము నేటికిని మిగిలియున్నది.

ఈ బుస్సీ పేరే తల్లుల నోట ‘బూచి’గా మారినదని తెలుగునాట ఒక కథ కలదు. ఇట్టిది జరుగరానిదేమియు కాదు. ఇంగ్లండులో తల్లులు నెపోలియన్ చక్రవర్తిని ‘బోనీ’ అని పిలిచి, ఆ పేరుతో పిల్లలను బెదరించెడివారు. అయితే తమిళములో ‘పూచ్చాండి’ అను పోలిన మాట యున్నందున, బూచి బుస్సీకంటె ముందే పుట్టియుండుటకును అవకాశము కలదు. బందరులో కూడ ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌన్ 1852 నాటి తన తెలుగు నిఘంటువులో ఈ మాటకు చోటిచ్చినాడు. పుట్టుక ఏదైనను దాని పని ఒక్కటే: బిడ్డ కోపమును భయముతో కప్పివేయుట.

ప్రాచీనుల హెచ్చరిక

బిడ్డ ఏడ్పు ఆగకున్నచో దిష్టి తగిలినదనియో, గ్రహము సోకినదనియో పెద్దలు తలచెడివారు. సుశ్రుతసంహిత తొమ్మిది బాలగ్రహములను పేర్కొన్నది. అట్టి కాలముననే చరకసంహిత శారీరస్థానము ఆశ్చర్యకరమైన మాట ఒకటి చెప్పినది. బిడ్డను భయపెట్టుట మంచిది కాదు. బిడ్డ ఏడ్చినను, అన్నము తినకున్నను, చెప్పినమాట వినకున్నను, రాక్షసుల పేరో, పిశాచముల పేరో, పూతన పేరో చెప్పి బెదరింపరాదు అని దాని సారాంశము. సుమారు రెండువేల ఏండ్లనాటి ఈ వైద్యసూత్రము గ్రంథములో నిలిచినది. వంటింటిలో మాత్రము బూచియే నిలిచినాడు.

పరిశీలన ప్రారంభము

ఆధునిక కాలమున ఈ విషయమునకు తొలి దారి చూపినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. 1839లో పుట్టిన తన పెద్దకుమారుని చేష్టలను అతడు వ్రాసిపెట్టుకొని, 1877లో వ్యాసముగా ప్రకటించినాడు. ఏడు నెలల వయస్సున ఒక నిమ్మపండు చేతికందక జారిపోయినందుకు ఆ బిడ్డ కోపముతో కేకలు పెట్టినాడు. రెండేండ్లు దాటిన తరువాత తన మనస్సు నొప్పించినవారిపై పుస్తకములు, కర్రలు విసరుటలో ఆరితేరినాడు. డార్విన్ దీనిని దుర్గుణమనలేదు. ప్రకృతిలోని ఒక విషయముగా చూచి నమోదు చేసినాడు.

భయము సంగతి 1920లో బయటపడినది. అమెరికాలో వాట్సన్, రేనర్ అను ఇరువురు పదకొండు నెలల బిడ్డకు తెల్ల ఎలుకను చూపుచు, వెనుకనుండి ఇనుపకడ్డీపై సుత్తితో పెద్ద చప్పుడు చేసిరి. కొన్ని మారులకే ఆ బిడ్డ చప్పుడు లేకున్నను ఎలుకను చూచి బెదరెను. పిదప కుందేలును, కుక్కను, బొచ్చుకోటును చూచియు బెదరెను. పసిబిడ్డపై అట్టి ప్రయోగమును నేటి నీతి అంగీకరింపదు. కాని భయము నేర్పినచో వచ్చుననియు, వచ్చినది ఒక్కచోట ఆగదనియు దానివలన తెలిసినది. చీకటిలో బూచి యున్నాడన్న బిడ్డ, చీకటి యున్న ప్రతి గదికిని బెదరుటలో వింత యేమున్నది?

1931లో ఫ్లోరెన్స్ గుడ్‌ఎనఫ్ అను మనస్తత్వశాస్త్రజ్ఞురాలు తల్లులచేత ఇండ్లలోనే దినచర్యలు వ్రాయించి, 1,878 కోపావేశములను పరిశీలించినది. భోజనవేళకు ముందును, నిద్రవేళకు ముందును, బిడ్డ నలతగా నున్నప్పుడును అవి ఎక్కువగా వచ్చుచున్నట్లు తేలినది. పెద్దలు మొండితనమన్న దానిలో ఆకలి, నిద్ర, జబ్బు దాగియుండెను.

మరియా మాంటిస్సోరి వేరొక కారణము చూపినది. కోటు తీసి చేతిమీద వేసికొన్న తల్లిని చూచి ఒక పసిబిడ్డ ఎంతకును ఏడ్పు మానలేదు. తల్లి కోటు తొడుగుకొనగానే మానినది. అలవాటైన క్రమము చెదరుట ఆ వయస్సులో పెద్ద బాధ. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. తెలుగులో చలం ‘బిడ్డల శిక్షణ’ అను గ్రంథము వ్రాసి, బిడ్డలను కొట్టుటను, బెదరించుటను ఖండించినాడు.

కోపము, దుఃఖము

2003లో పొటేగల్, డేవిడ్సన్ అను శాస్త్రజ్ఞులు ఏడాదిన్నర మొదలు ఐదేండ్ల వయస్సు గల 335 మంది పిల్లల మారాములను గూర్చి తల్లిదండ్రులు చెప్పిన వివరములను విశ్లేషించిరి. నాలుగింట మూడు వంతులు ఐదు నిమిషములలోపుననే ముగిసినవి. వారు కనుగొన్న ముఖ్యవిషయము మరొకటి. మారాములో రెండు భావములు కలవు. తన్నుట, అరచుట, విసరుట కోపము. ఇది ఆరంభముననే పెచ్చు పెరిగి పిదప తగ్గును. ఏడ్చుట, ఓదార్పు కోరుట దుఃఖము. ఇది మొదటినుండి తుదివరకు ఉండును. చివరకు బిడ్డ తనను ఏడిపించిన తల్లి ఒడిలోనికే చేరుటలోని రహస్య మిదియే. బూచివాడు కోపము నోరు మూయును, దుఃఖమును తీర్చలేడు. పైగా మూడవదైన భయమును చేర్చును.

ఈ ఆవేశమునకు శరీరధర్మమే మూలము. ఆవేశమునకు కళ్లెము వేయు మెదడు ముందరి భాగము ఆ వయస్సున లేతగా నుండి, యౌవనము దాటువరకు ఎదుగుచునే యుండును. బిడ్డకు కోరికలు అనేకములు. వానిని చెప్పుటకు మాటలు కొన్నియే.

ఏమి చేయవలెను?

బందరు లడ్డు కావలెనని అంగడి ముందు బిడ్డ దొర్లినాడనుకొందము. ఆ క్షణమున హితబోధ వ్యర్థము. కోపము పెచ్చులో నున్న బిడ్డ వినలేడు. దెబ్బ తగలని చోటికి చేర్చి, తల్లి తాను తొణకక దగ్గరనే ఉండవలెను. అరుపు తగ్గి ఏడ్పు మిగిలినప్పుడు దగ్గరకు తీసికొని, “లడ్డు కొనలేదని కోపం వచ్చింది కదూ, నాన్నా?” అని అతనికి లేని మాటను తాను అందింపవలెను. అయినను వద్దన్న లడ్డును మాత్రము అప్పుడు కొనిపెట్టరాదు. కొనినచో దొర్లుటయే లడ్డుకు దారియని బిడ్డ నేర్చుకొనును. అమ్మ వద్దన్నది నాయనమ్మ ఇచ్చుటయు ఇట్టిదే. ఆకలి, నిద్ర వేళలను ముందే గమనించినచో అనేక మారాములు పుట్టనే పుట్టవు.

బిడ్డ తన్ను తాను గాయపరచుకొనుచున్నను, మారాము తరచుగా చాలసేపు సాగుచున్నను, మాటలు ఆలస్యమైనను వైద్యునికి చూపవలెను. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలిరంగునకు తిరుగు పిల్లలలో కొందరికి రక్తములో ఇనుము కొరవడియుండును. పరీక్ష చేయించి వైద్యుడు చెప్పిన మందు వాడినచో చాలమందికి అది తగ్గును.

బుస్సీ బందరు విడిచి రెండున్నర శతాబ్దములు దాటినది. బూచివానిని కూడ సాగనంపుట మన ఇండ్లలోని పెద్దల చేతిలో నున్నది.